రాజుగారి తల పడేదాకా

చరిత్ర ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చేదుగా ఉంటుందని చెప్తాను. ఇందులో వేదాంతమేమీ లేదు, నాలుక సంగతే చెప్తున్నాను. మొన్న వేసవిలో బంధువుల ఇంట పెళ్ళికని నర్సీపట్నం వెళ్ళి, వాళ్ళు పెట్టిన తాంబూలంతో పాటు అక్కడి దోమలు పెట్టిన జ్వరం కూడా పుచ్చుకుని తిరిగొచ్చాను. డాక్టరు నెత్తురు బొట్టు గాజుపలక మీద పెట్టి చూసి, "మీకు పాత పరిచయమే తాతగారూ" అని నవ్వి మాత్రలు రాశాడు. మొదటి మాత్ర గొంతులో అడ్డం పడి అక్కడే కరిగింది. ఆ చేదు నాలుక వెనక్కి పాకిందో లేదో, నా నోటివెంట ఇంగ్లీషులో ఒక వాక్యం ఊడిపడింది. ఆ ఉదయం మిక్కిలి చలిగా ఉండెను అని దాని అర్థం. మంచినీళ్ళ గ్లాసుతో పక్కన నిలబడ్డ మా మనవరాలు, వీధిలో ఎండ నిప్పులు చెరుగుతున్నా, పరుగెత్తుకెళ్ళి దుప్పటి తెచ్చి కప్పింది. చలి నాది కాదనీ, ఎప్పుడో తల తీయించుకున్న ఇంగ్లండు రాజొకాయనదనీ చెప్తే డాక్టర్ని మళ్ళీ పిలుస్తుందని ఊరుకున్నాను. ఆ తల తియ్యడానికి ఇంగ్లండులో ఒక్క వేటు సరిపోయిందట. నర్సీపట్నంలో మాకు రెండేళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో హైస్కూలు చివరి రెండేళ్ళని ఐదో ఫారం, ఆరో ఫారం అనేవారు. ఐదో ఫారంలో ఒక సబ్జెక్టు మన ఇష్టప్రకారం ఎంచుకోవచ్చు. నేను చరిత్ర ఎంచుకున్నాను. లెక్కల్లో తప్పులు నేను చెయ్యాలి, చరిత్రలో ఇతరులు చేసిన తప్పులు చదువుకుంటే చాలు అన్నది నా ఆలోచన. నాతో పాటు చరిత్ర తీసుకున్నవాళ్ళలో ఇద్దరు తుని బడికి మారిపోయారు, ఒకడు పెళ్ళి చేసుకున్నాడు. చివరికి మిగిలింది నేనూ, మాకవరపాలెం రైతుబిడ్డ అప్పల్నాయుడూ. వాళ్ళ వంశంలో వేలిముద్ర దాటి సంతకం దాకా వచ్చినవాడు అతనొక్కడే. అతను పాసైతే ఊరంతా అన్నం పెడతానని వాళ్ళ నాన్న అప్పుడే అందరికీ చెప్పేశాడు, కనక అతని ఇరకాటం అతనిది. నా ఇరకాటం మా నాన్నగారు. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. మాటలు కూడా ప్రభుత్వ కాగితం మీద రాసినట్టు పొదుపుగా వాడేవారు. "పాసైతే విజయనగరం కాలేజీ. లేకపోతే రికార్డు గది" అని నా భవిష్యత్తు మొత్తం ఒక్కసారి చెప్పి ఊరుకున్నారు. విజయనగరంలో మా పెదతాతగారింట నాకు భోజనం, పడక మాట్లాడి ఉంచారు. మరో ఏడు ఆగడానికి ఆ పెద్దాయన వయసు ఒప్పుకోదు. రికార్డు గదిలో కుర్చీ కూడా ఖాళీగానే ఉంది. నేను నాన్నగారికి అన్నం కారేజీ పట్టుకెళ్ళినప్పుడల్లా ఆ గది వైపు చూడకుండా నడిచేవాణ్ణి. చెదలు, గబ్బిలాల కంపు, కట్టలు కట్టిన కాగితాల మధ్య దగ్గుతూ ఒకాయన. నా వయసులో లోపలికి వెళ్ళాడని చెప్పేవారు. బయటికి వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

పాసవడానికి తెలివి అక్కర్లేదు, ఆ సంగతి మా బడిలో అందరికీ తెలుసు. పాఠం ఎవరో ఒకరు చెప్పాలి, మేం చేతులు కట్టుకు నిలబడి ఒప్పజెప్పాలి, అంతే. చెప్పేవాళ్ళే నిలవలేదు. మాది జ్వరాల ఊరు. మన్యం అంచున ఉన్న ఊరికి ఉద్యోగం వేశారంటే దిగువ జిల్లాల పంతుళ్ళు వీలునామా రాసుకుని మరీ వచ్చేవారు. మొదటి చరిత్ర మాస్టారు వచ్చి, ఇంగ్లండు దీవిలో మనుషులు ఒంటికి రంగులు పూసుకుని తిరిగిన రోజుల దగ్గర మొదలుపెట్టి, ఒకే పేరు మీద నంబర్లు మారుతూ వచ్చిన రాజులందరినీ దాటించి, సభవాళ్ళతో తగువు పెట్టుకున్న రాజు దగ్గరికి తెచ్చారు. రేపో మాపో ఆ రాజు తల తీస్తారనగా మాస్టారికి జ్వరం తగిలింది. గొంగళి కప్పుకుని బండెక్కి వెళ్ళిపోయారు. రెండో ఆయన వచ్చి, ముందాయన ఏం చెప్పారో తనకి అనవసరమని, మళ్ళీ ఒంటికి రంగులు పూసుకునే వాళ్ళ దగ్గర మొదలుపెట్టారు. ఆయన కూడా అదే రాజు దగ్గరికి వచ్చేసరికి మన్యంలో దొరల మీద ఫితూరీ లేచింది. ఊరు నిండా పోలీసులు దిగారు. కొండ మీద ఏ స్టేషన్ను పట్టుకున్నారో, ఎన్ని తుపాకులు ఎత్తుకుపోయారో చెప్పుకోవడం తప్ప పెద్దవాళ్ళకి వేరే పని లేకపోయింది. మా మాస్టారు చరిత్రని దూరం నుంచి ప్రేమించే మనిషి. అది మా పక్కనున్న కృష్ణదేవిపేట దాకా వచ్చేసిందని తెలిసిన రోజునే సెలవు పెట్టారు. రాజుగారి తల మళ్ళీ దక్కింది. ఆరో ఫారంలో సగం గడిచిపోయింది. బడిలో ఉన్న ఒక్క పుస్తకమూ రెండో మాస్టారి పెట్టెలో వెళ్ళిపోయింది. ఆ రాజు చచ్చాక ఏం జరిగిందో చెప్పగలిగిన ప్రాణి ఊళ్ళో లేదు. ప్రశ్నలు మాత్రం అక్కణ్ణించే ఎక్కువ వస్తాయట.

అప్పుడు వచ్చారు కామేశం మాస్టారు. కోనసీమ మనిషి. సన్నగా, పొడుగ్గా, మడత నలగని కోటుతో, ఒక్కరే. ఎవరూ అద్దెకి గది ఇవ్వకపోతే, నాకు చదువు చెప్తారన్న ఆశతో నాన్నగారు మా వీధి గది ఇచ్చారు. మొదటి రోజు మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి, "ఏవిటోయ్, ఎంతవరకూ అయింది?" అన్నారు. మేం గొంతు కలిపి మొదలుపెట్టాం. రంగులు పూసుకునే వాళ్ళ నుంచి సభవాళ్ళ తగువు దాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఊపిరి తీసుకోకుండా. ఆయన ముందు సంతోషించారు, తర్వాత ఆశ్చర్యపోయారు, చివరికి కొంచెం భయపడ్డారు. "తర్వాత?" అన్నారు.

"తర్వాత మాస్టారు ఎల్లిపోనారండి" అన్నాడు అప్పల్నాయుడు.

"అంతకు ముందు?"

"ముందు కూడా ఒకరు ఎల్లిపోనారండి."

ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, "సరే. నేను వెళ్ళను" అన్నారు. మాట ఇచ్చినట్టు కాదు, వాన వచ్చేట్టుంది అన్నట్టు మామూలుగా అన్నారు.

ఆయన చెప్పే తీరు వేరు. రాసుకోనిచ్చేవారు కాదు. కాగితం మీద పెట్టింది కాగితం మీదే ఉండిపోతుందని ఆయన నమ్మకం. ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పేవారు, వెంటనే దాని అర్థం గ్రంథాల తెలుగులో చెప్పేవారు. మేం రెండూ తిరిగి అనాలి. నాలుక తిరిగేదాకా అదే వాక్యం, ఆపైన దానికి తరవాతి వాక్యం తగిలించేవారు. నూతిలోంచి చేద తాడు లాగినట్టు పాఠమంతా ఒకే తాడు. చివర పట్టుకుంటే మొత్తం వస్తుంది, నడుమ పట్టుకుంటే చేతులు కాలతాయి. పేర్లు మా నోళ్ళకి తిరక్కపోతే మన పేర్లు తగిలించి నడిపించేవారు. రాజుగారి మంత్రి మాకు చాలారోజులు సుబ్బరాయుడే.

సాయంత్రాలు మా ఇల్లు ఇప్పటికీ ముక్కుకి తగుల్తుంది. దోమలకని మామ్మ పిడక నిప్పుల మీద వేపాకు, గుగ్గిలం వేసి గదిగదికీ తిప్పేది. దోమలు దగ్గుతూనే ఉండేవి గాని వెళ్ళేవి కావు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇల్లంతా మామ్మదే. ఫితూరీ అంటే ఆవిడ లెక్కలో అడ్డాకుల కరువు. సంత చచ్చిపోయింది, చింతపండు లేదు, విస్తళ్ళకి ఆకు లేదు. ఏ దారిన దిగివచ్చేదో గాని ఒక కొండ మనిషి మాత్రం ఆకుల కట్ట తెచ్చి పెరటి గుమ్మంలో దించి, ఉప్పు పుచ్చుకుని వెళ్ళిపోయేది. మామ్మ ఆవిణ్ణి ఏమీ అడిగేది కాదు. పోలీసులు అడిగితే ఆకులు మా పెరట్లోనే కాశాయనేది. వీధి గది గుమ్మంలో కూచుని ఈనెపుల్లలతో విస్తళ్ళు కుడుతూ మా పాఠం వినేది. తెలుగు అర్థాల పుణ్యమా అని ఇంగ్లండు వంశవృక్షం ఆవిడకి మాకంటే బాగా వచ్చేసింది. "ఆ రాజుని ఇంకా సంపలేదేట్రా? మనిషిని అలా నానబెట్టకూడదు, పాపం" అనేది. మనవరాలికి ఇప్పుడు చరిత్రకి ఒక పుస్తకం, దానికొక గైడు, ఆ గైడుకొక ప్రశ్నల బ్యాంకు ఉన్నాయి. నాలుగు జవాబుల్లో ఒకదానికి గుర్తు పెడితే రాజు చస్తాడు. వింటూ గుమ్మంలో కూచుని జాలిపడే మనిషి మాత్రం లేదు. సిలబస్సు బేగి పూర్తవుతుంది గనక అదీ మంచిదేనేమో.

ధనుర్మాసం వెళ్ళకముందే మాస్టారికి జ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు వచ్చేది, గడియారం పెట్టుకున్నట్టు మధ్యాహ్నం దాటాక. ముందు వణుకు, తర్వాత మంట, తర్వాత చెమట. మామ్మ నేలవేము కషాయం పెట్టేది, ఆస్పత్రి నుంచి క్వినైను మిక్చరు సీసాలు వచ్చేవి. వదిలిన రోజున ఆయన లేచి కూచుని పాఠం చెప్పేవారు. అంటే ఆ ఏడు మా చదువుకి టైంటేబిల్ వేసింది దోమ. నాన్నగారు ఒకటి రెండుసార్లు, "ఇంటికి వెళ్ళి కోలుకు రండి మాస్టారూ" అన్నారు. "ఇంటికా" అని ఆయన నవ్వి, "వీళ్ళ రాజుగారి సంగతి తేల్చి వెళ్తాలెండి" అనేవారు. నాన్నగారు రెండోసారి ఆ మాట గట్టిగా అనలేదు. ఎందుకు అనలేదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పరీక్ష ముంచుకొస్తోంది. రాత్రి కళ్ళు మూస్తే చెదలు పట్టిన కాగితాల కట్టలు కనిపించేవి. పొద్దున్న లేస్తూనే మాస్టారి నుదుటి మీద చెయ్యి వేసి చూసేవాణ్ణి. చల్లగా ఉంటే బతికాననుకునేవాణ్ణి. ఆయన కాదు, నేను.

క్వినైను జ్వరాన్ని తగ్గించలేదు గాని చెవులు తగ్గించింది. ఆయనకి రోజంతా ఈగలు గుయ్యిమన్నట్టు ఉండేదట, మా మాట వినపడేది కాదు. మేం ఒప్పజెప్పింది సరిగా ఉందో లేదో తెలియక, "గట్టిగా! గట్టిగా!" అనేవారు. మేం గట్టిగా అన్నాం. సరిగ్గా ఆ వారం పాఠంలో రాజుగారి మీద విచారణ నడుస్తోంది. ఒక సాయంత్రం నేనూ, అప్పల్నాయుడూ మెడనరాలు తేలేట్టు, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో, "రాజు ద్రోహి! రాజునకు మరణమే శిక్ష!" అని అరుస్తున్నాం. వీధిలో బూట్ల చప్పుడైంది. హెడ్డు కానిస్టేబులూ, మలబారు నుంచి వచ్చిన తుపాకీ పోలీసొకడూ గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడే కచేరీ నుంచి వచ్చిన నాన్నగారు గొడుగు ముయ్యడం మర్చిపోయారు.

"గుమాస్తాగారూ, ఈ ఇంట్లో రాజుగారిని సంపెయ్యాలని కేకలెడతన్నారని కబురొచ్చిందండి" అన్నాడు హెడ్డు.

"మేం సంపలేదు నాయనా" అంది మామ్మ విస్తరి కిందపెట్టకుండానే. "ఆల్ల రాజుని ఆల్లే సంపుకుంటన్నారు. ఇంకా సావలేదు కూడాను."

మాస్టారికి ఏమీ వినపడలేదు. ఆలస్యంగా వచ్చిన విద్యార్థులనుకున్నారేమో, "నిలబడ్డారేం, కూచోండి" అని చేత్తో నేల చూపించారు. మలబారు పోలీసు సైగ అర్థమై కూచోబోయాడు. నాన్నగారు అది పరీక్ష పాఠమనీ, దొరలే రాయించిన పాఠమనీ, అందులో ఆ రాజు తల నిజంగానే తీశారనీ చెప్పారు. హెడ్డు నమ్మలేదు. "ఆళ్ళ రాజు తల ఆళ్ళే తీసి, ఆ ముక్క మన పిల్లలకి సెప్పిస్తన్నారా?" అని కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన తన జీతానికి మంచిది కాదనిపించిందేమో, లాఠీ చంకలో పెట్టుకున్నాడు. "పాఠమైతే పాఠమే గాని అరవకండి బాబూ. ఈ మలబారోళ్ళకి తెలుగు రాదు. తుపాకీ మాత్రం వచ్చు."

ఆ రోజు నుంచి వీధి గదిలో మాట గడప దాటకూడదని నాన్నగారి ఆజ్ఞ. చెవిటి గురువుకి గుసగుసగా ఒప్పజెప్పడం ఎలా? మంచానికి రెండు పక్కలా ముక్కాలి పీటలు వేసుకుని, ఆయన రెండు చెవుల్లో చెరొకరం నోరు పెట్టి చెప్పేవాళ్ళం. ఆయన కూడా గొంతు తగ్గించారు. తగ్గించారో, తగ్గిపోయిందో. జ్వరం ఇప్పుడు రోజూ వస్తోంది. రెండు కోట్లు తొడుక్కుని, పైన గొంగళి కప్పుకుని, పళ్ళు టకటకలాడుతుంటే ఆపుకుంటూ చెప్పేవారు. ఆయన పెదాల మీదకి వంగి, ఒక్కొక్క మాట రాలగానే ఏరుకుని, మళ్ళీ ఆయన చెవిలో పోసేవాళ్ళం. రాలింది రాలినట్టు. ఏది గింజో ఏది మట్టో చూసే తీరిక మాకు లేదు. రాజు తన పిల్లలను కడసారి చూచెను. చిన్నవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొనెను. తలుపు తీయవద్దు. నీరు లోపలికి వచ్చును. మాణిక్యమును భుజము మీద ఎక్కించుకొనుము. నేను తాడు తెచ్చుచున్నాను. ఆ ఉదయము మిక్కిలి చలిగా ఉండెను. వణికినచో భయమని జనులు తలంతురని రాజు రెండు చొక్కాలు తొడిగెను. అక్కడికి వచ్చేసరికి ఆయనకి మంట ఎక్కి, మాట ముద్దైపోయేది. మర్నాడు మళ్ళీ పిల్లల దగ్గర మొదలు. మళ్ళీ తలుపు, నీరు, తాడు, చలి. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. అలవాటు తప్పలేదు.

బయటికి వచ్చాక అప్పల్నాయుడు అడిగాడు. "రాజుగారి కూతురు పేరు మాణిక్యమేట్రా?"

"మనకి నోరు తిరగదని మార్చి ఉంటారు. సుబ్బరాయుడు లేడూ?"

"కోటలోకి నీల్లెలా వచ్చినాయి?"

"లండన్లో నది ఉంది కదా."

"మరి రాజు జైల్లో ఉన్నాడు కదేటి, తాడెక్కడ తెస్తాడు?"

 పరీక్షలో అంత లోతుగా అడగరని చెప్పాను. ఇద్దరం బాగా బట్టీ పట్టాం. మిగిలిన పాఠం ఇంకా కొండంత ఉంది, రోజులు గుప్పెడే ఉన్నాయి, రాజు తల మాత్రం మూడో మాస్టారి చేతిలో కూడా పడటం లేదు. నాకు ఏడుపు వచ్చేది. ఒకరోజు నిజంగానే ఏడ్చాను, మాస్టారి మీదికి వంగి, "తర్వాత? తర్వాత చెప్పండి మాస్టారూ" అంటూ. కన్నీళ్ళు ఆయన గొంగళి మీద పడ్డాయి. ఆయన కళ్ళు తెరవకుండానే, "తలుపు తీయవద్దు" అన్నారు. నేను ఆయన చెవిలో, "తలుపు తీయవద్దు" అని ఒప్పజెప్పాను.

గుమ్మంలో ఈనెపుల్ల విరిగిన చప్పుడైంది. మామ్మ ఒళ్ళో ఆకులు కింద పడేసి లేచి నిలబడింది. "ఒగ్గీండ్రా" అంది. "ఒరే, అది రాజుగోరి పిల్ల కాదురా."

మాకు అర్థం కాలేదు. మామ్మ నన్ను భుజం పట్టుకుని పక్కకి లాగి, పీట మీద తను కూచుంది. మగవాళ్ళు పడుకున్న మంచం దగ్గరికి ఆవిడ ఎన్నడూ వెళ్ళేది కాదు. ఆయన తల మీద చెయ్యి వేసి, చెవికి నోరు ఆనించి, నిదానంగా అంది. "తలుపు యేసే ఉంది నాయనా. పిల్ల నా భుజం మీదే ఉంది. తాడు అక్కర్లేదు. నీల్లు తీసీసినాయి."

మాస్టారు ఆ మాట తిరిగి అన్నారు. మేం ఒప్పజెప్పినట్టే, మాట పొల్లుపోకుండా. "నీల్లు తీసీసినాయి." ఆ తర్వాత నిద్రపోయారు. మామ్మ పీట మీద నుంచి కదల్లేదు. గోదావరి పొంగి వాళ్ళ ఇంటి మీదుగా పోయిందనీ, తాడు కోసమని వెళ్ళిన మనిషి తాడుతో తిరిగి వచ్చేసరికి ఆ తాడు కట్టడానికి గుమ్మం లేకపోయిందనీ ఎవరూ మాకు విడమర్చి చెప్పలేదు. హెడ్మాస్టరుగారికి ముందే తెలుసునట. ఎవరూ ఉండని ఊరికి తనను వెయ్యమని కామేశం మాస్టారే అడిగి వేయించుకున్నారట.

మర్నాడే బండి కట్టించారు నాన్నగారు. తునిలో రైలెక్కించి కాకినాడ పెద్దాసుపత్రికి పంపాలని. ఆయన వెంట కచేరీ బంట్రోతుని పంపుతూ, తుని స్టేషను దాకా మా ఇద్దర్నీ కూడా వెళ్ళమన్నారు. పరీక్ష ముందు ఒక పగలంతా బండిలో పోగొట్టుకోమని ఆయన అన్నారంటే, అప్పటి మా ఇంటి పరిస్థితి అర్థం చేసుకోవాలి. గడ్డి పరిచి, పైన మామ్మ బొంత వేసి పడుకోబెట్టాం. చెమట పోసి జ్వరం విడిచిన వేళ అది. మాస్టారు తేటగా ఉన్నారు. ఊరు దాటాక, నా వైపు చూసి, "జ్వరంలో నేనేవైనా అన్నానా?" అన్నారు.

"పాఠమే చెప్పారండీ" అన్నాను ఆయన చెవిలో.

ఆయన అప్పల్నాయుడి వైపు తిరిగారు. అప్పల్నాయుడు ఎడ్ల వైపు చూస్తూ కూచున్నాడు.

"అయితే ఆ తల సంగతి తేల్చేద్దాం" అన్నారు మాస్టారు. బండి కుదుపుల్లో, పొలాల మధ్య, పోలీసులెవరూ లేని చోట, ఆ రాజు ఎట్టకేలకు తల వంచాడు. గొడ్డలి పడింది. మేం గట్టిగా ఒప్పజెప్పాం. ఇక ఆయన ఆగలేదు. ఇంగ్లండులో రాజు లేని కాలం ఒక వాగు దాకా నడిచింది. రాజుగారి కొడుకు తిరిగొచ్చి గద్దెనెక్కేసరికి ఎడ్లకి నీళ్ళు పెట్టాం. లండన్ తగలబడటం, కంపెనీ వాళ్ళు మన గడ్డ మీద పాతుకుపోవడం, బట్టల మిల్లులు, అమెరికా చెయ్యి జారిపోవడం, అన్నీ ఆ ఎండలో, ఒక్కొక్క వాక్యం ఒక్కొక్కసారే. రెండోసారి చెప్పే ఓపిక ఆయనకి లేదు, మా మీద నమ్మకం ఉంది. తునికి ఇవతల తాండవ నది కనిపించేసరికి ఆయన గొంతు పోయింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. పడవ మీద మేం ఆయన పెదాలనే చూస్తూ దాటాం. తుని స్టేషన్లో బల్ల మీద కూచోబెట్టినప్పుడు మళ్ళీ వణుకు మొదలైంది. అప్పల్నాయుడు తన చొక్కా విప్పి ఆయన కోట్ల మీద కప్పాడు. రైలు వచ్చింది. మేం చేతులు కట్టుకు నిలబడ్డాం, ఒప్పజెప్పేటప్పుడు నిలబడ్డట్టు.

పరీక్షకి అనకాపల్లి బయల్దేరేముందు రోజు ప్రార్థన తర్వాత హెడ్మాస్టరుగారు కామేశం మాస్టారు కాకినాడలో పోయారని చెప్పి, బడికి సెలవు ఇవ్వలేనందుకు విచారించారు. మామ్మ ఆ రోజు విస్తళ్ళు కుట్టలేదు. నాన్నగారు వీధి గది తలుపు తెరిచి, కాసేపు నిలబడి, మళ్ళీ దగ్గరికి వేశారు. నేను పడుకుని బట్టీ వేశాను. ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు.

చరిత్ర పేపర్లో ఆ రాజు పతనాన్ని, అనంతర పరిణామాల్ని వివరించమన్నారు. రెండేళ్ళూ దేనికోసం ఎదురుచూశామో అది కాగితం మీదికి వచ్చి కూచుంది. కలం పరుగెత్తింది. రాజు తన పిల్లలను కడసారి చూచెను. అక్కడ ఆగింది. తరవాతి వాక్యం పరీక్షది కాదని తెలుసు. దాన్ని దాటి చలి ఉదయంలోకి దూకాలని చూశాను. తాడు తెగింది. ఆ ఉదయం ఎలా ఉండెనో నాకు గుర్తు రాలేదు. చొక్కాలు, గొడ్డలి, వాగు, కంపెనీ, ఏవీ లేవు. గడియారం నడుస్తోంది.  రికార్డు గది తలుపు తెరుచుకున్న చప్పుడు నాకు నిజంగా వినపడింది. చివరికి కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, తలుపు దగ్గర నుంచి తాడు దాకా లోపలే మొత్తం చెప్పుకున్నాను. చెప్పుకోగానే చలి వచ్చింది. కాపలా మాస్టారు వచ్చి, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు. ఎవరితోనూ కాదన్నాను. తర్వాత కాలేజీలో కూడా చరిత్రే చదివాను. ఆ రాజు గురించి లావుపాటి పుస్తకాలు తిరగేశాను. ఈ నాలుగు వాక్యాలూ దాటకుండా ఆయన్ని చంపే దారి ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

బయట చెట్టు కింద అప్పల్నాయుడు ముందే వచ్చి కూచున్నాడు. చింతగింజలు ఎగరేస్తూ ఆడుకుంటున్నాడు.

"ఆ నీల్ల కాడ ఏటి సేసినావు?" అన్నాడు.

"మనసులో అనుకుని దాటేశాను. నువ్వు?"

"నాను రాసీసినాను."

నేను బిత్తరపోయాను. "అది పాఠం కాదని తెలుసు కదరా. మామ్మ చెప్పింది కదా."

"తెల్సు."

"తెలిసీ రాస్తావా? మార్కులు పోతాయి. మీ నాన్న ఊరంతా..."

"ఒరే" అన్నాడు, చింతగింజలు మట్టిలో పారేసి. "ఆ రాజు పిల్లల పేర్లు పుస్తకంలో ఉన్నాయి. అవి మనం రాయకపోయినా ఆల్లు సావరు. మాస్టారి పిల్ల పేరు ఎక్కడుంది సెప్పు? ఒక్క కాయితం మీదైనా ఉండాల కదేటి. అందుకని ఇంగ్లీసులో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసినాను. తప్పుల్లేవు."

నేను పాసయ్యాను. అప్పల్నాయుడు చరిత్రలో పోయాడు. వాళ్ళ నాన్న ఊరికి అన్నం పెట్టలేదు, కొడుక్కి నాగలి పెట్టాడు. అతను మళ్ళీ పరీక్షకి కట్టలేదు, ఆ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు. నేను విజయనగరం వెళ్ళాను. మద్రాసులో ఎక్కడో ఆ కాగితం దిద్దిన పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. ఎర్ర సిరాతో ఆ వాక్యాలన్నీ కొట్టేసే ఉంటాడు. కొట్టెయ్యాలంటే ముందు చదవాలి. చదివే ఉంటాడు.